ఆకులో తినే అత్తకు అడ్రసు

మా ఇంట్లో కంచాలన్నిటి మీదా పేర్లుంటాయి. స్టీలు పాత్రల అంగడిలో కొన్నప్పుడే చెక్కించినవి, అరవ అక్షరాల్లో. నాన్నది, అమ్మది, నాది. ఒకరి కంచంలో ఇంకొకరు తినరు. పొరపాటున తిన్నామా, ఆ పూట ఇంట్లో చిన్నపాటి పంచాయితీ జరుగుతుంది. మా అత్తకు మాత్రం కంచం లేదు. ఆమెకు రోజూ అరిటాకే.

అత్త అంటే నాన్నకు అక్క. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డకు ఆకు వేసి వడ్డించాలి, తిన్నాక ఆ ఆకు ఆమె చేత ఎత్తించకూడదు, గిన్నె కడగనివ్వకూడదు. తమిళనాడులోని ఈ గుడియాత్తంలో మా తాతముత్తాతలు ఏ కాలంలో వచ్చి స్థిరపడ్డారో మాలో ఎవరికీ తెలియదు గానీ, ఈ చట్టాన్ని మాత్రం మూటగట్టుకొని తెచ్చుకున్నారు. మా తెలుగులో సగం అరవం కలిసిపోయింది, లిపి మర్చిపోయాం, పండగలు కూడా అటూ ఇటూ అయ్యాయి. ఆడబిడ్డ ఆకు మాత్రం చెక్కుచెదరలేదు.

అత్తను ఆంధ్రాలో పలమనేరు వైపు ఇచ్చారు. పిల్లలు కలగలేదు. మామ పోయాక నాన్న వెళ్ళి, "నాలుగు దినాలు ఉండి పోదువు రా అక్కా" అని తీసుకొచ్చాడు. అప్పటినుంచి ఏళ్ళు గడిచాయి, ఆ నాలుగు దినాలు ఇంకా పూర్తి కాలేదు. పెరట్లో అరటి చెట్లు అత్త కోసమే ఆకులు వేస్తున్నాయి. అమ్మ బీరువాలో ఒక అర ఖాళీ చేసి ఇచ్చింది. అత్త అందులో ఒక్క చీర పెట్టలేదు. ఆమె బట్టలన్నీ జిప్పు ఉన్న గోధుమరంగు సంచిలో ఉంటాయి, సంచి మేకుకు వేలాడుతూ ఉంటుంది. పొద్దున చీర అందులోంచి బయటికి వస్తుంది, ఉతికి ఆరాక మడత పెట్టుకొని మళ్ళీ అందులోకే పోతుంది. "పొయ్యేదాన్ని, అర ఎందుకమ్మణ్ణీ?" అంటుంది అమ్మతో. ఎక్కడికి పోతుందో ఎవరూ అడగలేదు. అడిగితే మర్యాద కాదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ప్రభుత్వానికి మా మర్యాద అర్థం కాలేదు.

అత్తకు తుంటి దగ్గర కీలు అరిగిపోయింది. మొదట కుంటింది, తరువాత గోడ పట్టుకుంది, ఆ తరువాత నా భుజం పట్టుకుంది. వేలూరులో డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పట్టి చూసి, కీలు మార్చాలని, ఆలస్యం చేస్తే మంచం మీదినుంచి లేవడం కష్టమని చెప్పేశాడు. లుంగీల వ్యాపారం చేసే మా నాన్నకూ, సత్తువాచారిలో జిరాక్స్ అంగడి నడిపే నాకూ ఆ ఆపరేషన్ సొంత ఖర్చుతో చేయించే తాహతు లేదు. రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంటే ఉచితంగా అవుతుందని డాక్టరే చెప్పాడు. దానికి అత్త పేరు మా రేషన్ కార్డులో ఉండాలి.

నేను చిరునవ్వు నవ్వాను. నా అంగడి కలెక్టరాఫీసుకు కూతవేటు దూరంలో ఉంది. జిల్లాలో ఎవరికి ఏ సర్టిఫికెట్ కావాలన్నా ముందు నా మిషన్ కింద దూరాల్సిందే. ఏ కాగితానికి ఏ కాగితం జత చెయ్యాలో, ఏ ఫోటో వెనక సంతకం ఉండాలో, వచ్చినవాళ్ళకు అడక్కపోయినా చెప్పే అలవాటు నాకుంది. "మీరు ఊరుకోండి, అంతా నేను చూసుకుంటా" అన్నాను ఇంట్లో. అమ్మ ఆ మాట విని దేవుడికి దండం పెట్టుకుంది. అప్పుడు నమ్మకంతో పెట్టిందనుకున్నాను.

కలెక్టరాఫీసులో బీమా కౌంటరు దగ్గర ఒకమ్మాయి కూర్చుంటుంది. చిన్న వయసు, పెద్ద ఓపిక. నేను తెచ్చినవన్నీ తిరగేసి, "ఈమె పేరు ఆంధ్రా కార్డులో ఉందే సార్" అంది అరవంలో.

"ఉంటే ఏమి? మనిషి మా ఇంట్లో ఉంది కదా."

"రెండు రాష్ట్రాల్లో ఒకే మనిషి ఉండకూడదు సార్. అక్కడ పేరు తీయించండి. ఆ కాగితం తెచ్చి మీ వీఏఓకు ఇవ్వండి. ఆయన ఇంటికొచ్చి విచారించి, ఈమె ఇక్కడే నివాసం ఉంటోందని రాస్తే మీ కార్డులో ఎక్కుతుంది."

వీఏఓ అంటే ఊరి లెక్కలు చూసే అధికారి. మా వైపు పుట్టుకకూ చావుకూ మధ్య ఏం జరిగినా ఆయన సంతకం పడాలి. నివాసం అని దేన్నంటారో నాకు తెలిసినా, పరీక్షించడానికన్నట్టు అడిగాను.

"ఎక్కడ రోజూ తింటారో, ఎక్కడ పడుకుంటారో, అదే నివాసం" అంది ఆ అమ్మాయి. ఇంత సులువైనదా అనుకొని బస్సెక్కాను.

మరుసటి సోమవారం నాన్నా నేనూ పలమనేరు వైపు వెళ్ళాం. మామ తమ్ముడి కొడుకు మమ్మల్ని చూసి ఎంత సంతోషించాడో, వచ్చిన పని వినగానే అంత నొచ్చుకున్నాడు.

"పెద్దమ్మ పేరు మా కార్డులోంచి తీసేసేదా? అది మాకు పరువుగా ఉండాది మామా" అన్నాడు నాన్నతో.

ఆ పరువు నెలనెలా బియ్యంగా వస్తోందని మాకందరికీ తెలుసు. "ఆపరేషన్ ఈడే చేయించచ్చు గదా, మీకు కార్డుండాది?" అన్నాడు నాన్న. అక్కడి ఆఫీసులో ఆ సంగతీ అడిగాం. బియ్యానికైతే ఇంట్లో ఎవరి వేలు పెట్టినా చాలట. ఆపరేషన్‌కు మాత్రం మనిషి ఇక్కడ నివాసం ఉండాలి, మీ మనిషి ఏళ్ళ తరబడి ఇక్కడ లేదు గదా అన్నారు. ఆంధ్రా లెక్కలో అత్త ఊళ్ళో లేని మనిషి. తమిళనాడు లెక్కలో ఆంధ్రా మనిషి. నడుము కింద ఎముక మాత్రం ఏ లెక్కా చూసుకోకుండా అరుగుతూనే ఉంది. నాన్న అక్కడే అరుగు మీద కూర్చొని కళ్ళు తుడుచుకునేసరికి ఆ పిల్లోడు మెత్తబడ్డాడు. పేరు తీయించి, ముద్ర వేయించిన కాగితం తెచ్చి మా చేతిలో పెట్టాడు. మంచివాడే. వచ్చేటప్పుడు అత్తకని ఒక సంచి నిండా చింతపండు కూడా ఇచ్చాడు.

ఆ కాగితం పట్టుకొని వీఏఓ ఆఫీసుకు వెళ్ళాను. ఆయన కాగితాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, బల్ల మీద పెట్టాడు. ఆయనకు తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు.

"ఇది తెలుగు."

"అవును సార్. నేను చదువుతాను." నేను చిన్నప్పుడు చిత్తూరులో అమ్మమ్మ ఇంట్లో ఉండి చదువుకున్నాను. మా వీధిలో తెలుగు అక్షరాలు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, అది నాకొక గొప్ప. గొంతు సవరించుకొని చదవబోయాను.

"నువ్వు చదివితే చెల్లదు. నీ అత్తే కదా? నీకు కావలసినట్టు చదువుతావు. వేరే ఎవరినైనా తీసుకురా. మీ వీధంతా తెలుగువాళ్ళే కదా?"

వీధంతా తెలుగువాళ్ళే. నేను ఇంటింటికీ తిరిగాను. కిరాణా అంగడాయన తెలుగులోనే తిడతాడు, తెలుగులోనే బేరం చేస్తాడు, కాగితం చూపిస్తే అద్దాలు పెట్టుకొని, "బాగుండాది, ఏం రాసినారు?" అన్నాడు. రిటైరైన హెడ్మాస్టరు గారు అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని మెచ్చుకున్నారు. భజన మందిరం పెద్దాయన పుస్తకం చూసే పాడతాడు గదా అని వెళితే, ఆ పుస్తకంలో తెలుగు పాటలు అరవ అక్షరాల్లో ఉన్నాయి. ఇన్నాళ్ళూ మేము తెలుగువాళ్ళమని చెప్పుకొని తిరుగుతున్న ధైర్యం ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు, కోపం మాత్రం వచ్చింది.

చివరికి బస్టాండు దగ్గర టీ తాగుతున్న ఒక లారీ డ్రైవరు దొరికాడు. మామిడికాయల లోడు దించి వెళ్ళిపోబోతున్నాడు. టీకి తోడు రెండు బజ్జీలు కూడా పెట్టించి వీఏఓ ముందుకు తీసుకెళ్ళాను. అతను ఆ కాగితాన్ని లేచి నిలబడి, ఊరంతా వినేటట్టు చదివాడు. ముద్రలో ఉన్న అక్షరాలు కూడా వదల్లేదు. వీఏఓ తల ఊపి, "సరి. రేపో ఎల్లుండో ఇంటికి వస్తాను. చెప్పి రాను" అన్నాడు.

చెప్పకుండానే వచ్చాడు, సరిగ్గా మధ్యాహ్నం అన్నాల వేళ.

ఆయన గడపలో నిలబడి చూసిన దృశ్యాన్ని నేను ఇప్పటికీ మర్చిపోలేను. హాలు మధ్యలో కుర్చీ. కుర్చీలో అత్త, కింద కూర్చోలేదు కాబట్టి. ముందు స్టూలు, స్టూలు మీద అరిటాకు. ఆకులో పప్పు, వేపుడు, అప్పడం, ఒక మూల కొంచెం బెల్లం. పక్కన అమ్మ నెయ్యి గిన్నె పట్టుకొని నిలబడి, "ఇంకొంచెం వేసుకో వదినా, మొగమాటపడద్దు" అంటోంది. నాన్నా నేనూ గోడవారగా మా కంచాల్లో తింటున్నాం.

వీఏఓ కాసేపు ఆకు వైపు చూశాడు. తరువాత మా కంచాల వైపు చూశాడు.

"ఈ అమ్మగారేనా ఇక్కడ నివాసం ఉండేది?" అన్నాడు.

"ఈమే సార్, ఈమే" అంది అమ్మ గబగబా. "వచ్చినప్పటినుంచి మేము ఒక్క పని చెప్పలేదు సార్. కాలు కింద పెట్టనియ్యం. ఆడబిడ్డ గదా, ఎట్ల చూసుకోవాల్నో అట్లే చూసుకుంటా ఉండాము."

"వీరి సామాను ఎక్కడ?"

అమ్మ మేకు వైపు చూపించింది. మేకుకు సంచి. జిప్పు కూడా వేసి ఉంది.

ఆయన అత్తవైపు తిరిగి, "అమ్మా, మీరు ఎన్నాళ్ళుంటారు ఇక్కడ?" అన్నాడు. ఇంతకంటే సులువైన ప్రశ్న ఇంకొకటి ఉండదు. ఒక్క మాట, 'ఎప్పటికీ' అంటే చాలు.

అత్త నిదానంగా చెయ్యి కడుక్కొని, కొంగు సర్దుకొని, "నాకేమి నాయనా, నాలుగు దినాలుంటాను, పోతాను. తమ్ముడింట్లో ఎన్ని దినాలుంటారు ఎవురైనా?" అంది.

వీఏఓ చెడ్డవాడు కాదు. నన్ను వాకిట్లోకి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు. "చూడు తమ్ముడూ. చుట్టం అని మొహం మీద రాసి పెట్టినట్టుంది. ఇంట్లో మనిషికి ఆకేసి, బెల్లం పెట్టి, మొగమాటపడొద్దంటారా ఎవరైనా? మా ఇంట్లో నాకు రెండోసారి సాంబారు అడిగితే తిడతారు. నేను ఏమని రాయను?" వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. లోపలికి వచ్చి అరిచాను. అమ్మను, నెయ్యి గిన్నెను, మేకును, అందరినీ తిట్టాను. "అత్తా, ఈడే ఉంటాను అనడానికి నోరు రాలేదా నీకు? కాలు పోతే ఎవురు మోస్తారు?" అన్నాను. ఆ మాట అనుండకూడదు.

ఆ రోజు సాయంత్రం అమ్మ తనకు జడ వేస్తుంటే అత్త మెల్లగా చెప్పింది, నేను పక్క గదిలోంచి విన్నాను.

"ఈ యాకు ఉండబట్టి గదా అమ్మణ్ణీ, నేను తలెత్తుకొని ఉండేది. ఆకులో తింటే పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డను. కంచంలో తింటే మొగుడు పోయి తమ్ముడింట్లో పడుండేదాన్ని. ఆ పేరు నాకొద్దు. కాలు పోతే పోనీ."

అమ్మ జడ చివరిదాకా అల్లి ముడి వేసింది. నాకు నా నోటి మీద అసహ్యం వేసింది. బీమా రూల్సులో ఇలాంటి దానికి ఏ జిరాక్సూ లేదు.

నాన్న మాత్రం ఊరుకోలేదు. ఆయనకు ఏ సమస్య వచ్చినా ఏదో ఒకటి కొంటాడు. పాత్రల అంగడికి వెళ్ళి పెద్ద స్టీలు కంచం కొని, దాని మీద అత్త పేరు చెక్కించి తెచ్చాడు. కొత్త చెప్పులు కొని గుమ్మం దగ్గర పెట్టాడు. అత్త చీరలు రెండు దొంగతనంగా సంచిలోంచి తీసి బీరువా అరలో పెట్టాడు. అత్త సాయంత్రానికి మళ్ళీ సంచిలో పెట్టేసింది. కంచం వైపు కన్నెత్తి చూడలేదు. కొత్త చెప్పులు కాలికి కరుస్తాయని పక్కకు తన్నేసింది, అదీ బాగున్న కాలితో.

నేను వీఏఓ ఆఫీసు చుట్టూ తిరిగి, బతిమాలి, ఇంకొకసారి విచారణకు ఒప్పించాను. ఈసారి పొద్దున్నే వచ్చాడు, బండి మీద, హెల్మెట్‌తో. అమ్మ ఎదురెళ్ళి, అడగకముందే కంచం తెచ్చి చూపించింది.

"ఇది మా వదిన కంచం సార్. ఎప్పటినుంచో దీంట్లోనే తింటుండాది."

వీఏఓ కంచం చేతిలోకి తీసుకున్నాడు. కంచం మధ్యలో కంపెనీ స్టిక్కరు మిలమిలా మెరుస్తోంది. ఆయన గోటితో దాని అంచును కొంచెం లేపి, మళ్ళీ అంటించి, కంచాన్ని అమ్మ చేతిలో పెట్టాడు. నాన్న పైకప్పు వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. వీఏఓ బయటికి నడిచి, హెల్మెట్ పెట్టుకొని బండి మీద కూర్చున్నాడు. ఇంకేముంది, అంతా అయిపోయిందనుకున్నాను.

సరిగ్గా అప్పుడే వీధి కొళాయిలో నీళ్ళు వచ్చాయి.

మా వీధి కొళాయి మా ఇంటికి ఎదురుగా ఉంటుంది. నీళ్ళు వచ్చే వేళకు అత్త ముక్కాలి పీట వేయించుకొని కొళాయి పక్కన కూర్చుంటుంది, ఆ పొద్దు కూడా అక్కడే ఉంది. ఇంట్లో పని చెయ్యనివ్వరు కాబట్టి, వీధిలో పెత్తనం చేస్తుంది. ఎవరి బిందె ముందు, ఎవరి బిందె వెనక, ఎవరు నిన్న రెండు ఎక్కువ పట్టారు, ఎవరు బట్టలు ఇక్కడే జాడించారు, అన్నీ ఆమె తీర్పే. పక్కింటావిడకు ఇది పడదు. ఆవిడ కూడా మా తెలుగావిడే, గొంతు పెద్దది. మొదటిసారి వీఏఓ వచ్చి వెళ్ళేటప్పుడు ఆవిణ్ణి అడిగితే, మా పరువు కాపాడాలని, "చాలా మర్యాదస్తురాలు సార్, చుట్టం మాదిరి అణకువగా ఉంటాది" అని చెప్పి మమ్మల్ని ఇంకా ముంచింది.

ఈసారి ఆవిడ హెల్మెట్ లోపల ఎవరున్నారో చూడలేదు. బిందె తెచ్చి కొళాయి కింద పెట్టింది. అత్త చేతికర్రతో ఆ బిందెను పక్కకు నెట్టింది.

"నీది మూడోది. ముందర దానికి పట్టనీ."

"నువ్వెవురు చెప్పేదానికి?" అంది పక్కింటావిడ. ఆ పొద్దు ఆవిడకు ఇంట్లో ఏమైందో ఏమో, నడుముకు చెయ్యి పెట్టుకుంది. "నాలుగు దినాలకు వచ్చిన చుట్టానివి! ఆకులో తిని పొయ్యేదానికి వీధిలో ఏం పెత్తనం? నీ ఊరు యాడ, ఈ కొళాయి యాడ?"

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అత్త పీట మీదినుంచి లేచింది. ఎలా లేచిందో తెలియదు, గోడ లేదు, నా భుజం లేదు, ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో కొళాయి పట్టుకొని లేచి నిలబడింది.

"నేను చుట్టాన్నా? నేనా? ఆ యింట్లో నడిమింట్లో పుట్టినానే నేను! ఈ కొళాయి వేసేదానికి మా నాయన ఎంతమంది కాళ్ళు పట్టుకున్నాడో నీకేం తెలుసునే? నువ్వు కాపురానికి వచ్చినప్పుడు నీ బిందెకు ఈడ తావు చూపించింది ఎవురు? అది నా ఇల్లు! నేను యాడికీ పోను! చస్తే ఆ వాకిట్లోంచే పోతాను! తీయవే బిందె!"

నాన్న పరుగెత్తి ఆపబోయాడు. నేను ఆయన చొక్కా పట్టుకొని వెనక్కి లాగాను. జీవితంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

వీఏఓ బండి స్టాండు వేసి, హెల్మెట్ తీసి, పక్కింటావిడ దగ్గరికి వచ్చాడు. ఆవిడ ఆయనను గుర్తుపట్టి బిక్కచచ్చిపోయింది.

"అమ్మా, ఈమెతో ఈ గొడవ ఎప్పటినుంచి?"

"ఎప్పటినుంచంటే ఏం చెప్పేది సార్?" ఆవిడకు వెంటనే ప్రాణం లేచి వచ్చింది, అడిగినవాడు దొరికాడు కదా. "ఈ యమ్మ వచ్చినప్పటినుంచి. నీళ్ళు వచ్చిన ప్రతి దినం. పండగా లేదు, అమావాస్యా లేదు. వానొస్తే గొడుగేసుకొని వచ్చి కొట్లాడతాది. ఒక్క పొద్దు మానుకున్న పాపాన పోలేదు."

"మధ్యలో ఊరికి వెళ్ళడం, రాకపోవడం?"

"వెళితే బాగుండు గదా సార్, ఒక్క దినమన్నా నిమ్మళంగా పట్టుకుందును!"

వీఏఓ నవ్వలేదు. నవ్వు ఆపుకుంటున్నట్టు మీసం మాత్రం కదిలింది. బండి సీటు మీదే కాగితం పెట్టుకొని రాశాడు. రాస్తూ రాస్తూ నాతో, "ఏ చుట్టమైనా ఆకులో తింటుంది తమ్ముడూ. కొళాయి దగ్గర కొట్లాడేది మాత్రం ఇంటి మనిషే. మా ఆవిడను చూసి చెబుతున్నా" అన్నాడు. సాక్షి సంతకం కావాలన్నాడు. పక్కింటావిణ్ణి చూశాం అందరం.

ఆవిడ విషయమంతా అప్పుడు తెలుసుకుంది. కాగితం వైపు, అత్త కాలు వైపు మార్చి మార్చి చూసింది. "నేను పెడతాను సార్. కాలు బాగైతేనే గదా, సరిసమానంగా నిలబడి కొట్లాడేది. కూర్చున్నదానితో కొట్లాడితే నాకే పాపం" అని సంతకం పెట్టి, ఆ గొడవలోనే తన బిందె మొదటి వరుసలో పెట్టేసింది. అత్త చూసింది, ఏమీ అనలేదు.

కార్డులో పేరు ఎక్కింది. కౌంటరమ్మాయి బీమా కార్డు చేతికిస్తూ, "అన్నీ సరిగ్గా తెచ్చారే సార్" అంది. అంగడికొచ్చి ఆ కార్డుకు అయిదారు జిరాక్సులు తీసుకున్నాను, అవసరం లేకపోయినా. ఆపరేషన్ వేలూరులోనే అయింది. ఆసుపత్రిలో నర్సు పక్కన నిలబెట్టి నడిపించేటప్పుడు అత్త ఆమెకు మా వీధి కొళాయి టైము చెప్పి, ఆ లోపల ఇంటికి పంపించేయమని పోరు పెట్టిందట.

ఇంటికి తీసుకొచ్చిన రోజు అమ్మ పెరట్లోకి వెళ్ళి లేతాకు కోసుకొచ్చింది. కడిగి, స్టూలు మీద పరిచింది. వాకర్ పట్టుకొని నిదానంగా వచ్చి కూర్చున్న అత్త, ఆ ఆకు వైపు చాలాసేపు చూసింది. ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషికి ఆకలి లేదేమో అనుకున్నాను.

"అమ్మణ్ణీ, ఆకు తీసెయ్" అంది. "వాడు తెచ్చిన కంచం యాడ పెట్టినావు?"

అమ్మ కదల్లేదు. నాన్నే లేచి వెళ్ళి, అటక మీదినుంచి కంచం దించి, తన లుంగీ అంచుతో తుడిచి, అత్త ముందు పెట్టాడు. స్టిక్కరు అలాగే ఉంది. అత్త దాన్ని గోటితో గీకితే సగమే వచ్చింది, మిగతా సగం జిగురు మీదే అమ్మ అన్నం వడ్డించింది. మేం నలుగురం మా మా కంచాల్లో తిన్నాం.

తినడం అయ్యాక అమ్మ అలవాటుగా వంగి, "ఇటియ్యి వదినా, నేను తీస్తాను" అని చెయ్యి చాచింది.

"వద్దు. ఆకైతే నువ్వు తీస్తావు. కంచం ఎవురిది వాళ్ళే కడుక్కోవాల."

ఒక చేత్తో వాకర్, ఇంకో చేత్తో కంచం. నేను లేవబోతే కంటితోనే కూర్చోబెట్టింది. అడుగు తీసి అడుగు వేస్తూ, గోడ పట్టుకోకుండా, ఎవరి భుజమూ పట్టుకోకుండా, నడవా దాటి పెరట్లో తొట్టి దగ్గరికి మా అత్త నడిచి వెళ్ళింది. మేం ముగ్గురం ఎంగిలి చేతులతో అలాగే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి కంచం కడుగుతున్న చప్పుడు, ఆ వెంటనే గోడ అవతలినుంచి పక్కింటావిడ గొంతు వినిపించాయి.

"వచ్చీ రాంగానే మొదలుపెట్టినావా? ఆ కడిగిన నీళ్ళు మా పక్కకు పారనియ్యద్దు!"

"నా ఇంటి నీళ్ళు, నా ఇష్టం!" అంది అత్త.